సముద్రం కనిపించే ఇల్లు కొంటున్న మేనకోడలికి

చిరంజీవి చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు. అల్లుడిగారికి కూడా చెప్పు.

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు. మామూలుగా అయితే మోకాళ్ల నొప్పితో మొదలుపెట్టి, వదిన మీద ఓ ఫిర్యాదు చెప్పి, ఆ తరువాత గానీ అసలు విషయానికి రాడు. నిన్న మాత్రం ఎత్తగానే "అమ్మాయి మన విశాఖలో సముద్రం కనిపించే ఫ్లాటు కొంటోంది" అన్నాడు. ఆ గొంతులో అంత సంతోషం విని చాలా కాలమైంది. నాకూ గర్వంగానే ఉంది. మన ఇంట్లో ఆడపిల్ల తన పేరు మీద ఇల్లు కొనడం నీతోనే మొదలు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఊళ్లోవాళ్లందరికీ ఇళ్ల అప్పులు మంజూరు చేసిన నేను, నేనుంటున్న ఇంటి కాగితాల మీద నా పేరు రాయించుకోలేదు.

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. లేచి కాలిక్యులేటరు ముందేసుకుని కూర్చుంటే మీ మామయ్య "వాళ్లిద్దరూ బెంగళూరులో బాగా సంపాదించుకుంటున్నారు, మధ్యలో నీకెందుకు బెంగ" అని విసుక్కున్నారు. బెంగ ఉంది కాబట్టే రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ నువ్వు వేరే పని చేసుకుంటావు, నాకు తెలుసు. ఇది కూర్చుని చదువు.

రెండు లక్షలు టోకెన్ ఇచ్చేశావట. ఎవరినీ అడగకుండా, ఆదివారం నాడు, మాదిరి ఫ్లాటు చూపించిన అబ్బాయి మాటలు విని! ఇస్తే ఇచ్చావులే. అగ్రిమెంటు మీద మాత్రం ఇది చదవకుండా సంతకం పెట్టకు.

అందరూ చెప్పే జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే ఈసీ ముప్పై ఏళ్లకు తీయించు, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించు, సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయని 22-ఏ నిషేధిత జాబితాలో లేదని, సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూముల గొడవలోకి రాదని చూసుకో, బిల్డర్లను అదుపులో పెట్టే రెరా చట్టం కింద ఇచ్చిన నంబరు వెబ్‌సైటులో నువ్వే స్వయంగా వెతుకు, ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్, అదే అమ్మేవాళ్ల తరఫు పన్ను, నువ్వే పట్టి కట్టాలని మరచిపోకు. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియనివి చెప్పడానికే ఈ ఉత్తరం.

అన్నయ్య చేత ఓ ప్రశ్న అడిగించావు. "ఇప్పటికే ఇంత ఖరీదుంది, ఇంకా పెరుగుతుందా అని అత్తని అడుగు" అన్నావట. పెరుగుతుంది. నా లెక్కలో సముద్రం వైపు నేల ధర నీ జీవితకాలంలో పెరుగుతూనే ఉంటుంది. కారణం ఎవరి గొప్పతనమూ కాదు, ఈ ఊరు పుట్టిన చోటు అలాంటిది. తూర్పున సముద్రం. దక్షిణాన యారాడ కొండ, పోర్టు, నేవీ, ఆ పైన స్టీల్ ప్లాంటు. పడమరన సింహాచలం కొండలు. మధ్యలో కైలాసగిరి అడ్డం. ఊరు పెరగాలంటే మధురవాడ, భీమిలి, భోగాపురం వైపు తప్ప దారి లేదు. అలలకు దగ్గరగా కట్టనివ్వకుండా 1991 నుంచి తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉండనే ఉన్నాయి. కావాలనేవాళ్లు పెరుగుతున్నారు, నేల పెరగడం లేదు.

అయితే ఆ పెరగడం ఏటా కొంచెం కొంచెంగా జీతం పెరిగినట్టు పెరగదు. ఏదో ఒక ప్రకటన వస్తుంది, ధర ఒక్కసారిగా ఎగురుతుంది, ఆ తరువాత ఏళ్ల తరబడి అక్కడే నిలబడిపోతుంది. నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఇదే చూస్తున్నాను. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ స్టీల్ ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. గాజువాక వైపు స్థలాలు కొన్నవాళ్లు వచ్చే ఏటికే ధనవంతులమైపోతాం అనుకున్నారు. పీవీ నరసింహారావు ఆ ప్లాంటును జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. ఈ రెండు తేదీల మధ్య ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి. మా నాన్న స్నేహితుడొకాయన కూతురి పెళ్లి నాటికి స్థలం ధర పెరుగుతుందని కొన్నాడు. కూతురి పెళ్లయింది, మనవరాలు బడికి వెళ్లింది, అప్పుడు పెరిగింది.

శంకుస్థాపన జరిగిన ఆ 1971 డిసెంబరులోనే యుద్ధం వచ్చింది. మన తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన రాత్రి పెద్ద శబ్దం వచ్చి కిటికీలు అదిరాయి. దీపాలు ఆర్పేసి, కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకుని కూర్చున్నాం. ఎంతమందో ఊరు వదిలి చుట్టాలిళ్లకు వెళ్లిపోయారు. అప్పుడు సముద్రం పక్క స్థలం ఉచితంగా ఇస్తామన్నా మా అమ్మ వద్దనేది. ఉప్పు గాలికి గిన్నెలు నల్లబడతాయి, బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి, పైగా శత్రువు వస్తే ముందు మనింటికే వస్తాడు అనేది. నేడు కోటి రూపాయలకు ఒక మాట తక్కువ చెప్పని ఆ తీరాన్ని, ఆవిడ తరంలో జాలరివాళ్లు తప్ప ఎవరూ ఇష్టపడి ఎంచుకోలేదు.

మొన్నమొన్నటి సంగతి చూడు. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట రాగానే భీమిలి రోడ్డులో తెల్లవారేసరికి ధరలు మారిపోయాయి. 2021 నవంబరులో ఆ చట్టాలనే వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చిలో హైకోర్టు అమరావతి వైపు తీర్పు చెప్పింది. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో మరో ముఖ్యమంత్రి, ఇద్దరూ శంకుస్థాపన చేశారు. రైల్వే జోన్ 2019లో ప్రకటించారు, దాని ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో రాయి వేశారు. మెట్రో సంగతి 2014 విభజన చట్టంలోనే ఉంది, నేను మాత్రం ఇంకా ఆటోలోనే తిరుగుతున్నాను.

ఇప్పుడు గూగుల్. మన ఊళ్లో డేటా సెంటరుకు 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో అన్నారు. మంచిదే, రావాలి. కానీ డేటా సెంటరులో ఉండేవి యంత్రాలు. డబ్బు ఎంత పెద్దదైనా, అందులో జీతం తీసుకుని వచ్చి ఫ్లాటు కొనే మనుషులు దానికి తగ్గట్టు ఉండరు. నువ్వు కొన్న ఇల్లు రేపు కొనాల్సింది మనిషే కదా. ఆ మనిషి ఎవరు, ఎక్కడ పనిచేస్తాడు, అతనికి జీతం ఎంత, బ్యాంకు ఎంత అప్పు ఇస్తుంది? బ్రోషరు చదివినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే వస్తుంది. నువ్వు చెప్పిన ధరకు ఇవాళ కొంటున్నవాళ్లలో మన ఊళ్లోనే ఉద్యోగం చేసుకునేవాళ్లు ఎందరున్నారో అమ్మే అబ్బాయినే అడుగు. సగం మంది నీలాగే బయట ఉండి, పెరుగుతుందని కొంటున్నవాళ్లయితే, అమ్మాలనుకున్న రోజున వాళ్లందరూ నీ పక్కనే తాళాలు పట్టుకుని నిలబడతారు.

ఇక నన్ను నిద్ర పోనివ్వని విషయం. బ్రోషరు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, నువ్వు చూసి ఉండవు. పంతొమ్మిదో అంతస్తు, 1,750 చదరపు అడుగులు, కోటీ నలభై లక్షలు. నీ వాటాకు వచ్చే భూమి, అదే యూడీఎస్, 38 గజాలు. తల్లీ, పెరిగేది నేల. స్లాబు పెరగదు. బ్యాంకులో మేం విలువ కట్టేటప్పుడు భవనానికి ఏటా తరుగు వేస్తాం, నేలకు వేయం. నువ్వు ఇచ్చే డబ్బులో ఎంత భాగం ఆ 38 గజాలకు పోతోంది, ఎంత భాగం సిమెంటుకు, లిఫ్టులకు, ఈతకొలనుకు, ఆ చలువరాళ్ల లాబీకి పోతోంది? కాగితం మీద లెక్క వేసి చూడు. ఎంవీపీ కాలనీలోనో లాసన్స్ బే కాలనీలోనో పాతికేళ్ల నాటి మూడంతస్తుల అపార్టుమెంటులో, చూడ్డానికి అందం లేని ఫ్లాటుకు దీనికి రెట్టింపు నేల వాటా ఉంటుంది. రేపు బిల్డింగు పడగొట్టి కడదామంటే బిల్డరు బేరమాడేది ఆ గజాల మీదే. పది మంది యజమానులను ఒప్పించవచ్చు, మీ టవర్లలో మూడు వందల మందిని ఎవరు ఒప్పిస్తారు?

సముద్రం కనిపిస్తుందని చదరపు అడుగుకు ఇంత అని అదనంగా తీసుకుంటున్నారు కదా. ఆ కనిపించడం సేల్ డీడులో ఏ పేజీలో ఉందో చూపించమను. హద్దులు ఉంటాయి, తూర్పున ఫలానా వారి స్థలం అని ఉంటుంది. ఆ ఫలానా వారు రేపు అనుమతి తెచ్చుకుని పాతిక అంతస్తులు లేపితే నీ బాల్కనీలోంచి వాళ్ల వంటగది కనిపిస్తుంది. ముందున్న ఖాళీ స్థలం ఎవరిది, దాంట్లో ఎంత ఎత్తు కట్టనిస్తారు అన్నది నగరపాలక సంస్థ జీవీఎంసీలో కనుక్కో. రోడ్డుకు ఆవల ఇసుక తప్ప ఏమీ లేకపోతే అప్పుడు ఆ అదనపు డబ్బుకు కొంత అర్థం ఉంది.

ఆ ఇసుక కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదులే. 1970ల్లో ఔటర్ హార్బరు కట్టాక దక్షిణం నుంచి ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుక అక్కడే ఆగిపోయింది. ఆర్కే బీచ్ కోతకు గురవుతుంటే పోర్టువాళ్లు తవ్విన ఇసుక తెచ్చి పోస్తుంటారు. నా చిన్నతనంలో మేం పరుగులు తీసిన చోట ఇప్పుడు నల్లరాళ్లున్నాయి. మీవైపు అంత ఇబ్బంది లేదు, అయినా ఒకసారి ఆ జాలరిపేటలో ముసలివాళ్లను అడుగు, నీళ్లు ఎంతవరకు వస్తాయో వాళ్లు చెప్పినంత ఖచ్చితంగా ఏ ఇంజనీరూ చెప్పడు.

ఉప్పు గాలి సంగతి మా ఇంటికొచ్చినప్పుడు నువ్వే చూశావు. గ్రిల్లుకు ఏటా రంగు వేయకపోతే తుప్పు చేతికి అంటుతుంది. ఏసీ బయటి పెట్టె నాలుగేళ్లకు మించి నిలవదు. ఇవి చిన్న ఖర్చులు. భయమంతా కంటికి కనిపించని ఇనుము గురించి. కాంక్రీటులోకి ఉప్పు దిగితే లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, స్లాబు పెచ్చులుగా రాలుతుంది. అమెరికాలో మయామీ పక్కన సర్ఫ్‌సైడ్‌లో, 1981లో సముద్రం ఒడ్డున కట్టిన పన్నెండు అంతస్తుల అపార్టుమెంటు 2021 జూన్ 24 తెల్లవారుజామున కూలిపోయి 98 మంది చనిపోయారు. అది పేదవాళ్ల పేట కాదు. నీళ్లు ఇంకుతున్నాయని, కాంక్రీటు దెబ్బతింటోందని ఇంజనీరు ముందే రాసిచ్చాడు, మరమ్మతుకు ఎవరెంత ఇవ్వాలన్న దగ్గర ఏళ్లు గడిచాయి. ఆ తరువాత ఫ్లోరిడాలో పాత భవనాలకు తనిఖీలు, మరమ్మతు నిధి తప్పనిసరి చేశారు. ఆ నిధికి ఒక్కొక్కరూ కట్టాల్సిన మొత్తం చూసి కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, పాత ఫ్లాట్ల ధరలు పడ్డాయి. సముద్రం అక్కడే ఉంది, అందమూ అలాగే ఉంది. కాబట్టి అసోసియేషను మరమ్మతు నిధి, అదే కార్పస్ ఫండు, ఎంత, అది బిల్డరు ఖాతాలోంచి ఎప్పుడు బదిలీ అవుతుంది అని అడుగు. ఈ ప్రశ్న అడిగినవాళ్లను అమ్మేవాళ్లు ఇష్టపడరు. ఫర్వాలేదు.

హుద్‌హుద్ తుఫాను మాట ఎత్తకుండా ఉండలేను, మీ మామయ్య నవ్వినా సరే. 2014 అక్టోబరు 12, ఆదివారం. నువ్వు అప్పుడు చదువు కోసం బయట ఉన్నావు, టీవీలో చూశావు. మేం స్నానాల గదిలో కూర్చున్నాం, ఎందుకంటే ఇంట్లో కిటికీ లేనిది అదొక్కటే. గాలి ఆగినట్టే ఆగి దిక్కు మార్చుకుని మళ్లీ వచ్చింది. బీచ్ రోడ్డులో అద్దాల ముఖాలున్న భవనాలు ఒక్కొక్కటిగా పగులుతుంటే ఆ శబ్దం మాకు వినిపించింది. విమానాశ్రయం పైకప్పే ఎగిరిపోయింది. కరెంటు రావడానికి రోజులు పట్టింది. పంతొమ్మిదో అంతస్తులో నేల నుంచి పైకప్పు దాకా తూర్పు వైపు అద్దమే అని బ్రోషరులో గొప్పగా రాశారు. ఆ అద్దం ఏ గాలికి తట్టుకునేలా డిజైను చేశారో రాసివ్వమను. కరెంటు లేని వారం రోజులు నువ్వు బిందెతో నీళ్లు పంతొమ్మిది అంతస్తులు మోస్తావా? నన్నయితే ఆ మెట్ల మీద ఊహించుకోకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. అన్నయ్యకు తెలిస్తే కోప్పడతాడు.

ఫోన్‌లో నువ్వు మీ నాన్నతో అన్నావట కదా, "నువ్వు ఆనాడు ఆ ఫ్లాటు తొందరపడి అమ్మకుండా ఉండి ఉంటే ఈరోజు మనం ఎక్కడ ఉండేవాళ్లమో" అని. వాడు నవ్వేశానని చెప్పాడు. నీకు తెలిసిన కథ అంతే: నాన్న కొన్నాడు, భయపడ్డాడు, అమ్మేశాడు. జరిగింది అది కాదు.

2007లో ఊళ్లో ఎవరిని కదిపినా స్థలాల మాటే. ఐటీ వస్తోంది, రుషికొండ మీద కంపెనీలు వస్తున్నాయి అని. అన్నయ్య 28 లక్షలకు, ఇంకా పునాదుల్లో ఉన్న ఫ్లాటు బుక్ చేశాడు. 22 లక్షలు అప్పు. వద్దన్నాను. కట్టడం పూర్తయిన ఫ్లాటు కొనుక్కో, లేదా అప్పు సగానికి తగ్గించుకో అన్నాను. "నీకు బ్యాంకు కళ్లే ఉన్నాయి, ఆశ అంటూ లేదు" అన్నాడు. నిజమే, నాకు కాగితాలే కనిపించాయి. వాడికి బాల్కనీలో కూర్చుని పొద్దుపొడుపు చూస్తున్న మీ అమ్మ కనిపించింది.

ధర పెరుగుతుందన్న వాడి అంచనా తప్పు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకో. తప్పు ఎక్కడ జరిగిందంటే, అన్నీ అనుకున్నట్టు జరిగితేనే మోయగలిగినంత బరువు ఎత్తుకున్నాడు. అద్దె ఇల్లు ఒక పక్క, కట్టని ఫ్లాటుకు వడ్డీ ఒక పక్క. 2008 జులైలో రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 9 శాతానికి వెళ్లింది. వాడి అప్పు వడ్డీ 12 దాటింది. అదే ఏడు చివర్లో ప్రపంచమంతా కుదేలైంది. మూడో స్లాబు దగ్గర బిల్డరు పని ఆపేశాడు. ఎప్పుడు వెళ్లినా వాచ్‌మన్ ఒక్కడే ఉండేవాడు. అన్నయ్య పనిచేసే ఎగుమతుల కంపెనీలో జీతాలు కోసేశారు. మీ అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. చిన్నప్పుడు నువ్వొకసారి "అమ్మ గాజులు ఎందుకు రంగు మారాయి అత్తా" అని నన్ను అడిగావు, జ్ఞాపకం ఉందా? అవి గిల్టువి.

అప్పటికి రెరా చట్టం లేదు. అది 2016లో వచ్చింది. బిల్డరును అడిగే నాథుడు లేడు. ఎలాగో ఒకలాగ మూడేళ్లు లాగారు. 2011లో నీకు ఇంజనీరింగు సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు, ఆ వెనకాలే తాతయ్యకు గుండె ఆపరేషను. ఆ వేసవిలో అన్నయ్య ఆ ఫ్లాటు 25 లక్షలకు అమ్మేశాడు. కొన్న ధర కూడా రాలేదు, కట్టిన వడ్డీ ఎవరి లెక్కలోకీ రాలేదు. ఊళ్లో అప్పుడు కొనేవాళ్లే లేరు. ఆ ఒక్కాయన ముందుకొస్తే దేవుడిలా కనిపించాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు నేనూ వెళ్లాను. సంతకాలయ్యాక బయట చెట్టు కింద నిలబడి "అమ్మాయి మొదటి సెమిస్టరు ఫీజు రేపే కట్టేస్తాను" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు ఆ ఫ్లాటు ధర మూడింతలు పైనే పలుకుతోంది. అన్నయ్య అంచనా అక్షరాలా నిజమైంది. కాకపోతే వాడు అమ్మాల్సి వచ్చిన రోజుకు నిజం కాలేదు. పెరుగుతుందా అని అడిగే ముందు, పెరిగే దాకా నువ్వు ఆగగలవా అని నేను అడిగేది అందుకే. ఇకమీదట ఆ ఫ్లాటు మాట నాన్న దగ్గర ఎత్తకు. నేను చెప్పానని కూడా అనకు.

నీ లెక్క వేశాను. కోటి రూపాయల అప్పు, 8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు దాదాపు 83,600. వడ్డీ 9.5కు వెళితే 93,200. వెళ్లదని ఎవరూ హామీ ఇవ్వరు. 2020 మేలో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది. అప్పుడు బ్యాంకులు వాయిదా పెంచకుండా ఏళ్లు పెంచాయి, చాలామందికి తమ అప్పు రిటైరుమెంటు దాటిపోయిందని కూడా తెలియదు. అద్దెకిస్తే నెలకు 35,000 వస్తుందన్నావు. అంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు, నువ్వు పెట్టిన ధర మీద 3 శాతం. మెయింటెనెన్సు, పన్ను, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే ఇంకా తక్కువ. మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే దాదాపు 8 లక్షలు. ఆ తేడా ప్రతినెలా నీ జీతంలోంచి పోతుంది.

స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. కట్టడం పూర్తి కానిది కాబట్టి జీఎస్టీ మరో 5. రెండూ కలిపి పదిహేడున్నర లక్షలు. అంటే ధర ఎనిమిదో వంతు పెరిగితే గానీ నీ చేతికి నీ డబ్బు తిరిగి రాదు. అమ్మేటప్పుడు బ్రోకరు కమిషను వేరే.

మీ ఇద్దరి జీతాలతో సులువుగా కట్టగలమని నువ్వంటావు. ఇద్దరి జీతాలతో కాదు, ఒక్కరి జీతంతో వేసి చూడు. రేపు పిల్లలు పుడతారు, నువ్వు కొంతకాలం మానేయాలనుకోవచ్చు. మానేయాలనుకున్నప్పుడు మానేసే స్వేచ్ఛ నీకుండాలి. నీ వయసులో నాకది లేదు. మీ కంపెనీల్లో తీసేస్తున్నవాళ్ల వార్తలు రోజూ చదువుతున్నాను, పేపరు పక్కన పెట్టి నీకు ఫోన్ చేయబోయి ఆగిపోతుంటాను.

ఇంత రాసి వద్దంటున్నానేమో అనుకుంటావు. వద్దనడం లేదు. అక్కడ మీరే ఉంటామంటే, బెంగళూరు వదిలి వచ్చేస్తామంటే లెక్క వేరు. పొద్దున్నే సముద్రం చూడటానికి నువ్వు డబ్బు పెడితే నేను కాదనను, అది ఖర్చు అని తెలిసి పెట్టు. పెరుగుతుందని పెట్టేట్టయితే ఆ టవరు వద్దు. తీరానికి అర కిలోమీటరు లోపలికి వచ్చి, పాతదైనా సరే, నేల వాటా ఎక్కువున్నది, కాపురం ఉండవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నది, వర్షాకాలంలో చూసి కొను. జీఎస్టీ ఉండదు, అప్పు అరవై లక్షలు దాటదు. ఏడాది వాయిదాలకు సరిపడా డబ్బు ఫిక్సెడ్ డిపాజిట్లో విడిగా ఉంచుకో. దాన్ని ఇంటీరియర్లకు వాడావంటే ఊరుకోను.

చినవాల్తేరులో మాకు తెలిసిన ఒకావిడ ఫ్లాటు అమ్మకానికి పెట్టింది. రెండో అంతస్తు, నేల వాటా 70 గజాలు. మేడ మీదికి ఎక్కితే సముద్రం ఓ ముక్క కనిపిస్తుంది. ఉప్పుగాలికి దాని గ్రిల్లులు పాడయ్యాయి, బాత్రూములు పాతకాలంవి, నీకు నచ్చదు. అయినా చూడు. మామయ్య ఆదివారం వెళ్లి స్లాబు కింద చేత్తో కొట్టి చూసి వస్తానంటున్నారు, ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తే ఫోన్‌లోనే చెబుతారు.

ఈలోగా నువ్వు చేయాల్సింది ఒకటే. ఆ టవరు అగ్రిమెంటు ముసాయిదా మొత్తం నాకు పంపు. నేల వాటా ఉన్న పేజీ, ఆలస్యమైతే వాళ్లు ఎంత వడ్డీ ఇస్తారో ఉన్న పేజీ, టోకెన్ వెనక్కి ఇచ్చే షరతు ఉన్న పేజీ, ఈ మూడింటినీ ఫోటో తీసి ముందుగా పంపినా చాలు. అక్షరాలు స్పష్టంగా ఉండాలి, నా కళ్లజోడు పవరు మళ్లీ మారింది.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క. రెండు లక్షల టోకెన్ పోతే పోయిందని బాధపడి సంతకం పెట్టకు. అంతగా అయితే అందులో సగం నేనిస్తాను. మామయ్యతో అనకు.